నవోదయ పరీక్ష: ఆంగ్లభ్రమకు బలియగుచున్న మన పసివారు

ఐదవ తరగతి చదువుచున్న బిడ్డ గల ప్రతి ఇంట ఏటేట ఒక అలజడి పుట్టుచుండును. జవహర్ నవోదయ విద్యాలయమున ఆరవ తరగతి ప్రవేశమునకు దరఖాస్తులు కోరు ప్రకటన వెలువడినది మొదలు, ఫరంపేటలోను, కనకాలపేటలోను, మెట్టకూరులోను, దరియాలతిప్పలోను తల్లిదండ్రులు ఒకరినొకరు అడుగు ప్రశ్న ఒక్కటే: “మీవాడికి ఇంగ్లీషు ఎక్కడ చెప్పించుచున్నారు?” లెక్కలు ఎంతవరకు వచ్చినవని యడుగువారు లేరు. బిడ్డ ఒక పేరా చదివి అర్థము చెప్పగలడా యని యడుగువారు అంతకన్న లేరు. ఇంగ్లీషు వచ్చిన సీటు వచ్చినట్లే యనియు, రాకున్న బిడ్డ బ్రతుకు గోదావరిలో కలిసినట్లే యనియు మనవారు తీర్మానించుకొని కూర్చున్నారు.

ఈ తీర్మానము తప్పు. తప్పు మాత్రమే కాదు, పదియేండ్ల పసివాని యెడ అన్యాయము. ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చును. అయినను చెప్పక తప్పదు. ఏలన, ఈ పరీక్ష వ్రాయుటకు నియమముల ప్రకారము ఒక బిడ్డకు జీవితమున ఒక్కసారియే అవకాశము. ఈ ఏడు తప్పిన వచ్చు ఏడు చూచుకొందమనుటకు వీలులేదు. అట్టి ఒకే అవకాశమును మనము అడిగి తెలిసికొనని పాపమున పాడుచేయుచున్నాము.

పరీక్షలో ఉన్నదేమి?

మొదట పరీక్ష స్వరూపము చూతము. ఇది రహస్యము కాదు. విద్యాలయ సమితి ఏటేట ప్రకటించు వివరణ పత్రములో అక్షరాల ఉన్నది. దరఖాస్తుకు రుసుము లేదు. పరీక్ష 2 గంటలు. ప్రశ్నలు 80, మార్కులు 100. అందు మానసిక సామర్థ్యమునకు 40 ప్రశ్నలు, 50 మార్కులు. అంకగణితమునకు 20 ప్రశ్నలు, 25 మార్కులు. భాషకు 20 ప్రశ్నలు, 25 మార్కులు. ఒక్కొక్క ప్రశ్నకు ఒకటింపాతిక మార్కు. తప్పు జవాబునకు మార్కులు తగ్గించుట లేదు.

ఇందు సగము మార్కులు గల మొదటి భాగము బొమ్మల పరీక్ష. నాలుగు బొమ్మలలో వేరుగా నున్నదేది, అద్దములో ఎట్లు కనిపించును, సగము గీసిన బొమ్మకు మిగిలిన భాగమేది, మడిచి కత్తిరించిన కాగితము విప్పిన ఎట్లుండును అని యడుగుదురు. ఈ 50 మార్కులు ఏ భాషవి? తెలుగువి కావు, ఇంగ్లీషువి కావు. చూపునకు, ఓర్పునకు, అభ్యాసమునకు చెందినవి. సంక్రాంతికి ముంగిట చుక్కలు పెట్టి ముగ్గు కలుపు ఆడపిల్ల, తాటాకు మడిచి బొమ్మ చేయు పిల్లవాడు ఈ విద్యకు ఎంతమాత్రము కొత్తవారు కారు.

ఇక భాషాభాగము. మన ఇండ్లలో “ఇంగ్లీషు పరీక్ష” యని పేరు పెట్టి భయపడుచున్నది దీనిని చూచియే. ఇందు నాలుగు చిన్న పేరాలిత్తురు. ఒక్కొక్క పేరా క్రింద ఐదు ప్రశ్నలు. చదివి, గ్రహించి, సరియైన జవాబు గుర్తింపవలెను. ఆ పేరాలు ఏ భాషలో నుండును? దరఖాస్తులో మీరు ఏ భాష కోరిన ఆ భాషలోనే యుండును. పుదుచ్చేరి బిడ్డలు కోరదగిన భాషలలో తెలుగు ఉన్నది. అనగా, అందరును ఇంగ్లీషు పరీక్ష యనుకొనుచున్న దానిని మన బిడ్డ తెలుగులో వ్రాయవచ్చును. గణితపు ప్రశ్నలును ఆ భాషలోనే చదువవచ్చును.

ఈ సంగతి తెలియక కొందరును, తెలిసియు సిగ్గుపడి కొందరును దరఖాస్తులో “ఇంగ్లీషు” అని నింపుచున్నారు. తెలుగు అని వ్రాసిన తమ బిడ్డను తక్కువగా చూతురేమో యని వారి బెంగ. జవాబు పత్రమును దిద్దునది యంత్రము. ఆ యంత్రమునకు బిడ్డ ఏ పేటవాడో తెలియదు, ఏ భాషలో చదివెనో పట్టదు. నల్లగా నింపిన గుండ్రము సరియైనదా, కాదా అన్నదే దానికి కావలయును. యంత్రమునకు లేని చిన్నచూపు మన మనసులలో ఏల?

“మాధ్యమము ఇంగ్లీషు కదా?”

ఇచ్చట ఒక న్యాయమైన ఆక్షేపణ కలదు. దానిని దాటవేయుట మా ఉద్దేశము కాదు. ఒకప్పుడు యానాం ప్రభుత్వ పాఠశాలలు ఆంధ్ర రాష్ట్ర పాఠ్యక్రమమును అనుసరించినవి. 2023-24 విద్యాసంవత్సరము నుండి పుదుచ్చేరి ప్రభుత్వము తన పాఠశాలలను కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి క్రిందకు తెచ్చినది. కావున నేటి బిడ్డ లెక్కలను ఇంగ్లీషు మాటలలో నేర్చుకొనుచున్నాడు. వానికి “పెరిమీటర్” తెలియును గాని “చుట్టుకొలత” తెలియదు. “న్యూమరేటర్” తెలియును గాని “లవము” తెలియదు. అట్టివానికి తెలుగు ప్రశ్నపత్రము చేతికిచ్చిన గరిష్ఠ సామాన్య భాజకము చూచి బెదరిపోడా?

బెదరును. అందుచేతనే మేము “అందరును కన్ను మూసికొని తెలుగు అని వ్రాయుడు” అనుట లేదు. మేము చెప్పునది వేరు. ఏ భాష కోరవలెనన్నది పరువు చూచి తేల్చు విషయము కాదు, పొరుగింటివారిని చూచి తేల్చు విషయము అంతకన్న కాదు. దానిని బిడ్డను చూచి తేల్చవలెను. అదియును దరఖాస్తు నింపునాడు కంప్యూటరు దుకాణములో నిలుచుండి కాక, ఏడాది ముందుగా ఇంటిలో కూర్చుండి తేల్చవలెను.

తేల్చు ఉపాయము కష్టమైనది కాదు. బిడ్డ ఎన్నడును చదువని ఒక తెలుగు కథలో నుండి ఒక పేరా, ఎన్నడును చదువని ఇంగ్లీషు పుస్తకమునుండి అంతే పొడవు గల మరియొక పేరా తీసికొనుడు. ఒక్కొక్కటి ఒకేసారి చదివింపుడు. పుస్తకము మూసి, ఐదు ప్రశ్నలడుగుడు. ఎవరు, ఎచ్చట, ఏమి చేసిరి, ఏల చేసిరి, తరువాత ఏమైనది. ఒకనాటితో నమ్మవలదు. పది దినములు, పది జతల పేరాలతో చేయుడు. జవాబులు లెక్క వేయుడు. ఇంగ్లీషు పేరాలో బిడ్డ చక్కగా జవాబులు చెప్పుచున్న ఇంగ్లీషే వ్రాయింపుడు. మాకు పేచీ లేదు. తెలుగున ఎక్కువ చెప్పుచున్న తెలుగు వ్రాయింపుడు, కొరతగా నున్న గణిత పరిభాషను ఆ ఏడాదిలో నేర్పుడు. లవము, హారము, శేషము, వైశాల్యము, చుట్టుకొలత ఇత్యాదిగా అవి ఏబది మాటలు మించవు. ఏబది మాటలు నేర్పుట సులువా, ఒక పరాయి భాషను మొత్తముగా ఏడాదిలో తల కెక్కించుట సులువా? గోటితో పోవు పనికి గొడ్డలి యెత్తుచున్నామన్నది ఇందుచేతనే.

ఇంకొక మాట. రెండు భాషలలోను బిడ్డ తడబడుచున్న, అప్పుడు తప్పు భాషది కాదు. బిడ్డకు చదువుటయే రాలేదన్న మాట. అక్షరములు పలుకుట వచ్చినది, చదువుట రాలేదు. ఆ లోపము ఏ ట్యూషనులోను ఇంగ్లీషు వ్యాకరణముతో తీరదు. పుస్తకము చేతికిచ్చి దినదినము చదివించినప్పుడే తీరును.

చెట్టు పేరు చెప్పి కాయలమ్మువారు

ఇక శిక్షణ కేంద్రముల సంగతి. అన్నియు చెడ్డవని మేమనము. శ్రద్ధగా బొమ్మల లెక్కలు చేయించు ఉపాధ్యాయులు లేకపోలేదు. కాని ఒక తరహా వ్యాపారము మన కనుల యెదుట సాగుచున్నది. గత ఏడు సీటు వచ్చిన ఒక బిడ్డ బొమ్మను పెద్దదిగా అచ్చువేసి గోడకు అంటించి, ఆ ప్రక్కన “ఇంగ్లీషు గ్రామరు ప్రత్యేకము” అని వ్రాయుదురు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనుట యన్న ఇదియే. ఆ బిడ్డకు సీటు ఇచ్చినది ఆ గోడయో, ఆ గ్రామరో, లేక రాత్రి దీపము ముందర కూర్చుండి చదివించిన తల్లియో ఎవరు చెప్పగలరు?

ఆ గదులలో జరుగునదేమి? క్రియాపదముల మూడు రూపములను వరుసగా వల్లె వేయింతురు. పర్యాయపదములు, విరుద్ధపదములు జాబితాలుగా కంఠస్థము చేయింతురు. పరీక్ష పేరాలు చదివి గ్రహింపుమని యడుగుచుండగా, వీరు పేరాయే లేని చదువు చెప్పుదురు. ఇది నేల విడిచి సాము. సాయంకాలము నాలుగింటికి బడినుండి వచ్చిన పసివానిని ఆరింటికి మరల ఒక గదిలో కూర్చుండబెట్టి, తొమ్మిదింటికి ఇంటికి పంపిన, వానికి ఆటలు లేవు, మామ్మ చెప్పు కథ లేదు, తనంతట తాను ఒక పుస్తకము తెరచు తీరిక లేదు. చదివి గ్రహించు శక్తి పెరుగు దారులన్నియు మూసివేసి, గ్రహణశక్తి పరీక్షకు బిడ్డను పంపుచున్నాము!

రుసుము మాట చెప్పనే యక్కరలేదు. ఏటినమ్ముకొని వేటకు పోవువారు, దినకూలివారు నెలకింత యని కూడబెట్టి కట్టుచున్నారు. 2012 జనవరిలో జరిగిన దురదృష్ట సంఘటనల పిమ్మట రీజెన్సీ సిరామిక్స్ కర్మాగారము మూతపడినప్పుడు యానాంలో ఎన్ని పొయ్యిలు వెలుగక పోయెనో ఈ పత్రిక చదువరులకు మేము గుర్తు చేయనక్కరలేదు. ఆ దెబ్బ తిన్న ఇండ్లే నేడు బిడ్డ చదువును ఏకైక ఆశగా పెట్టుకొన్నవి. ఉచితముగా భోజనము, వసతి, పుస్తకములు ఇచ్చి చదివించు విద్యాలయము వారికి ఎంతటి వరమో తెలియును. ఆ వరము కొరకు వారు వెచ్చించు ప్రతి రూకయు సరియైన దారిని పోవలెనన్నదే మా తపన.

ఇంగ్లీషు వలదనువారికి ఒక మాట

ఇంతవరకు చదివి కొందరు భాషాభిమానులు సంతసించి యుందురు. వారికి కొంత చేదు మాట చెప్పవలసి యున్నది. తెలుగు పేరు చెప్పి పేదల బిడ్డలను ఇంగ్లీషుకు దూరముగా నుంచవలెనను వాదము మాకు సమ్మతము కాదు. సభలో తెలుగు తల్లికి దండ వేసి, మరునాడు తమ మనుమలను కాకినాడ కాన్వెంటు బస్సు ఎక్కించు పెద్దల మాటకు విలువ ఏముండును? తమ బిడ్డకు వలసినది ఎదుటివాని బిడ్డకు వలదనుట ధర్మము కాదు.

ఇంగ్లీషు నిజముగా అడుగు పరీక్షలు కలవు. సైనిక పాఠశాలల ఆరవ తరగతి ప్రవేశపరీక్షను తెలుగులో వ్రాయవచ్చును గాని, తొమ్మిదవ తరగతి ప్రవేశపరీక్ష ఇంగ్లీషులోనే యుండును. అందు 400 మార్కులలో 50 ఇంగ్లీషుకే. నవోదయలో తొమ్మిదవ తరగతికి జరుపు ఎంపిక పరీక్షలో ఇంగ్లీషుకు 15, హిందీకి 15, గణితమునకు 35, విజ్ఞానశాస్త్రమునకు 35 మార్కులు. డెహ్రాడూన్ నందలి రాష్ట్రీయ ఇండియన్ మిలిటరీ కళాశాల ఎనిమిదవ తరగతి ప్రవేశమునకు ఇంగ్లీషుకు 125, గణితమునకు 200, సామాన్యజ్ఞానమునకు 75 మార్కులు పెట్టినది. 1962లో కోరుకొండలో వెలసిన సైనిక పాఠశాల మనకు ఎంతో దూరము కాదు. అచ్చట చదువ గోరు బిడ్డకు ఇంగ్లీషు రావలెను. బాగుగా రావలెను. దానిని నేర్పుట మన బాధ్యత.

కాని నేర్పు దారి యేది? తెలుగు పునాది తవ్వి పారవేసి ఇంగ్లీషు మేడ కట్టుట దారి కాదు. తెలుగులో ఒక వాక్యము నిర్మాణము తెలిసిన బిడ్డకు ఇంగ్లీషు వాక్యము ఎచ్చట వేరగునో చూపవచ్చును. మనకు క్రియ చివర వచ్చును, వారికి కర్త వెంటనే వచ్చును. మన విభక్తి మాటకు వెనుక అంటుకొనును: “ఇంటిలో”. వారి మాట ముందు నిలుచును: “ఇన్ ది హౌస్”. “వచ్చినది” అన్న మన క్రియ ఆడదానికిని ఆవుకును ఒకటియే. ఇంగ్లీషున “షీ” వేరు, “ఇట్” వేరు. మనకు “ఎ”, “ది” అన్న చిన్న మాటలు లేనే లేవు. అందుచేత బిడ్డ వానిని మరచుట వాని మందబుద్ధి కాదు, వాని మాతృభాష స్వభావము. “నాకు తెలియుచున్నది” అన్నదానిని “ఐ యామ్ నోయింగ్” అని వ్రాసిన బిడ్డను బెత్తముతో కొట్టుట కన్న, ఆ తప్పు ఎచ్చటినుండి పుట్టెనో చూపుట మేలు. ఈ పోలిక చూపుటకు ఉపాధ్యాయునకు రెండు భాషలు రావలెను, బిడ్డకు కనీసము ఒకటి గట్టిగా వచ్చి యుండవలెను. ఇంటి భాషయే తడబడు బిడ్డకు దేనితో పోల్చి చూపుదుము? వాడు రెంటికి చెడిన రేవడి యగును.

ఇంగ్లీషు రాని తల్లి ఏమి చేయగలదని యడుగుదురు. చాల చేయగలదు. దినమునకు ఒక ఇంగ్లీషు పేరా బిడ్డచేత బిగ్గరగా చదివించి, “దీని కథ ఏమి?” అని తెలుగున చెప్పించుకొనవచ్చును. బిడ్డ తడుముకొన్న చోటనే వానికి అర్థము కాలేదని ఆమెకు తెలిసిపోవును. అర్థము కాని మాటలకు గీత గీయించి, మరునాడు బడిలో అడిగి రమ్మనవచ్చును. పెద్ద తరగతి చదువు అక్కచేతనో, పొరుగింటి అన్నచేతనో వారమునకు రెండుసార్లు డిక్టేషను చెప్పించవచ్చును. విన్నదానిని వ్రాయుటలో చెవికి, చేతికి, మనసునకు ఒకేసారి అభ్యాసమగును. వారమునకు ఒకసారి ఆ వారము జరిగిన సంగతి ఐదు వాక్యములలో వ్రాయించవచ్చును. ఇందు రూపాయి ఖర్చు లేదు. దినమునకు ముప్పావు గంట ఓపిక కావలెను.

మన పేట నేర్పిన పాఠము

ఈ విషయమున ఫరంపేటవారికి ఒకరు బోధింప నక్కరలేదు. మన ముంగిటనుండి ఒక దొరభాష వెడలిపోవుట మనము చూచినవారము. పదునెనిమిదవ శతాబ్దమున యానాం చేరిన ఫ్రెంచివారు 1954 వరకు ఏలిరి. ఆ దినములలో కొలువుకు దారి ఫ్రెంచి. 1954 జూన్ 13న యానాం విమోచనమైనది. నవంబరు 1న పాలన చేతులు మారినది. 1962 ఆగస్టు 16న శాసన సమ్మతముగ విలీనము పూర్తియైనది. ఎనిమిదేండ్లలో ఒక భాష తలుపు మూసికొన్నది, మరియొక భాష తలుపు తెరచుకొన్నది. తలుపులు మారినవి. ఇల్లు మారలేదు. ఆ ఇల్లు తెలుగు.

ఆ విమోచనోద్యమమునకు నాయకుడైన దడాల రఫేల్ రమణయ్యగారు మన ఫరంపేట బిడ్డ. తల్లి భాష తెలుగు. ఫ్రెంచి ప్రభుత్వపు పోలీసు శాఖలో కొలువు చేసిరి. తమ పోరాటకథను ఇంగ్లీషులో వ్రాసిరి. మూడు భాషలలో ఏ ఒక్కటియు మరియొకదానిని మ్రింగలేదు. ఇంగ్లీషు రావలెనన్న తెలుగు పోవలెనని వాదించువారు ఆ ఒక్క జీవితము చూచి జవాబు చెప్పుదురు గాక.

2011 జనాభా లెక్కలలో పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతపు జనాభా 12,47,953. యానాం జనాభా 55,626. ఇరువదిమందిలో ఒకరికన్న తక్కువ. ఇంత తక్కువవారమైన మనము మన భాషను ఇంటిలో మనమే చిన్నచూపు చూచిన, దానిని నిలబెట్టుటకు దూరమునుండి ఎవరు రావలెను? 1965 నాటి అధికార భాషా చట్టము యానాంలో తెలుగు వాడుకకు చోటిచ్చినది. 1956లో రాజ్యాంగమునకు చేర్చిన 350-ఎ అధికరణము, భాషా అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించుట రాష్ట్రముల, స్థానికాధికారుల పని యని చెప్పుచున్నది. 2020 జాతీయ విద్యావిధానము ఐదవ తరగతి వరకైనను ఇంటిభాషలో బోధన మేలని చెప్పినది. 2023 జూలైలో కేంద్రీయ మాధ్యమిక విద్యామండలియే తన పాఠశాలలు భారతీయ భాషలను బోధనా మాధ్యమముగా వాడుకొనవచ్చునని తెలిపినది. “మండలి మారినది, కావున తెలుగు పోయినది” అను మాటకు ఇక ఆధారమేమున్నది? మండలి అడ్డుపడుట లేదు. అడుగువారు లేకపోవుటయే అడ్డు.

నవోదయ పథకము సయితము 1986 విద్యావిధానముతో పుట్టినప్పుడు మాతృభాషనో ప్రాంతీయ భాషనో దిగువ తరగతులలో మాధ్యమముగా నుంచి, పై తరగతులలో గణిత విజ్ఞానములకు ఇంగ్లీషును, సాంఘిక శాస్త్రమునకు హిందీని పెట్టుకొన్నది. గ్రామసీమల బిడ్డలను వెదకి తెచ్చుటకు ఏర్పడిన విద్యాలయమది. బిడ్డను వాని భాషలో గుర్తించి, పిదప ఇతర భాషలు నేర్పవలెనన్నది దాని మూలసూత్రము. ఆ సూత్రమును పథకము వ్రాసినవారు గుర్తించిరి. మనము గుర్తింపలేదు.

చేయవలసిన పని

విమర్శించి ఊరకుండుట మా పద్ధతి కాదు. మన సంఘము ముందర నాలుగు పనులు పెట్టుచున్నాము.

మొదటిది: దరఖాస్తుల కాలమునకు ముందే, ప్రతి పేటలోను ఒక సాయంకాలము తల్లిదండ్రులను సమావేశపరచి, వివరణ పత్రమును మొదటినుండి చివరవరకు తెలుగున చదివి వినిపింపవలెను. వయోనియమము, ఐదవ తరగతి ఇదే జిల్లాలో చదువుచుండవలెనన్న నియమము, గ్రామీణ కోటాకు వలసిన అర్హతలు, భాష ఎంపిక, ఒకేసారి అవకాశము అను సంగతులు ప్రతి ఇంటికి తెలియవలెను. తెలియక నష్టపోయిన బిడ్డ ఒక్కడున్నను ఆ నష్టము సంఘమునది.

రెండవది: వారమునకు మూడు సాయంకాలములు పఠన గోష్ఠి నడుపవలెను. గంట చాలును. బిడ్డలు తెలుగు కథ ఒకటి, ఇంగ్లీషు కథ ఒకటి చదువుదురు. పెద్దలు ప్రశ్నలడుగుదురు. మనలో పింఛను పుచ్చుకొనుచున్న ఉపాధ్యాయులు ఎందరో కలరు. అరుగుల మీద రాజకీయములు మాటలాడు కాలములో కొంత ఈ బిడ్డలకు ఈయవలెనని వారిని చనువుతో కోరుచున్నాము.

మూడవది: నవోదయలో చదువుచు సెలవులకు ఇంటికి వచ్చిన బిడ్డలను పిలిచి, చిన్నవారికి బొమ్మల లెక్కలు చెప్పించవలెను. నిన్న పరీక్ష వ్రాసిన అక్క చెప్పిన మాట గోడమీద అచ్చువేసిన బొమ్మకన్న నమ్మదగినది.

నాలుగవది: ప్రాథమిక తరగతులలో తెలుగు బోధనకు తగిన ఉపాధ్యాయులను, తెలుగు మాధ్యమమునకు అవకాశమును, గణిత పాఠ్యములకు ప్రక్కన తెలుగు పరిభాషను ఈయవలెనని ప్రభుత్వమునకు వినతిపత్రము సమర్పింపవలెను. భిక్షగా కాక, 350-ఎ అధికరణము పేర్కొన్న హక్కుగా అడుగవలెను.

సోదరసోదరీమణులారా! బిడ్డకు సీటు రాకపోయిన లోకము మునిగిపోదు. ఆ మాటయు ఇంటిలో ముందుగానే చెప్పి యుంచుడు. ఒక విద్యాలయమున ఏడాదికి తీసికొనునది 80 మందిని మించరు. రానివారందరు అసమర్థులు కారు. కాని చదివినదానిని గ్రహించు శక్తి ఒకసారి వచ్చిన, ఆ పరీక్ష తప్పినను బిడ్డ వెంట బ్రతుకంత వచ్చును. బట్టీ పట్టిన జాబితా పరీక్ష మరునాడే మాసిపోవును. ఏది కొని పెట్టుదుమన్నదే ప్రశ్న.

ఈ ఏడు దరఖాస్తు నింపునప్పుడు “భాష” అన్న గడి ముందర మీ చేయి ఒక్క క్షణము ఆగవలెను. అచ్చట వ్రాయవలసినది మీ పరువు కాదు, మీ బిడ్డకు తెలిసిన భాష. ఆ గడిలో “తెలుగు” అని వ్రాయుటకు సిగ్గుపడవలసిన కారణము ఏ ఫరంపేట తండ్రికిని లేదు.